మామగారి పతకం, మా ఆయన వాత

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. ఆ గుమ్మంలో వద్దు, అక్కడ ఎండ కొడుతుంది. ఇటు, కొబ్బరి డొక్కలు పోగేసిన పక్కన నీడగా ఉంది. కాళ్ళు చాపుకున్నా ఏమీ అనుకోను. నేను చదివింది మూడో తరగతి వరకే. ఎదురుగా మనిషి కూర్చుని వింటున్నారు అనుకుంటేనే గానీ నాకు కాగితం మీద కూడా మాట కదలదు. ఒక్కటే అడుగుతాను, మధ్యలో లేచి వెళ్ళకండి. ఇది సగం వింటే మా అత్తగారు చెడ్డదనిపిస్తుంది. మొత్తం వింటే ఆవిడ ఒక్కర్తే కాదనిపిస్తుంది.

మా ఆయన ఎడమ చేతికి, మోచేతికి కాస్త కింద, అట్లకాడ వెడల్పున ఒక మచ్చ ఉంది. దాని మీద వెంట్రుక మొలవదు. ఎండలో పనిచేసి మిగతా చెయ్యంతా నల్లబడినా అది మాత్రం పాలిపోయే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అదేమిటని అడిగాను. "మా నాన్నకి గవర్నమెంటోళ్ళు ఇచ్చేరు. నాకు మా నాన్న ఇచ్చేడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను, అర్థం కాక. ఆ మాట ఆయన సొంతం కాదనీ, వాళ్ళ లంకలో జనం ఆయన్ని ఏడిపించడానికి పుట్టించిన హాస్యమనీ తరవాత తెలిసింది. ఆయన దాన్ని తనే ముందు అనేసేవారు, ఎదటివాళ్ళు అనే లోపల.

మామగారిది సముద్రం వాసన తగిలే లంక. గోదావరి పాయ అక్కడ వెడల్పయిపోయి, ఎంతవరకు నది, ఎక్కడి నుంచి సముద్రం అని తేల్చుకోలేకుండా ఉంటుంది. తాతల నాటి నుంచీ పడవలూ వలలూ వాళ్ళ బతుకు. ఆ ఇంట్లోంచి మామగారు ఒక్కరే వైజాగు వెళ్ళి నేవీలో చేరారు. ఓడ అడుగున, ఇంజను గదిలో, ఆవిరి గొట్టాల మధ్య పని. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు ఆయన ఓడ సముద్రం మీదే ఉంది. అయినా ఆ యుద్ధాన్ని ఆయన కంటితో చూడలేదు. పైన ఏం పేలుతోందో, ఎవరు మునుగుతున్నారో కింద ఉన్నవాళ్ళకి తెలియదట. గెలిచామని మైకులో చెప్పాక అప్పుడు అందరూ అరిచారట. యుద్ధం ఎలా ఉంటుందని లంకలో వాళ్ళు అడిగితే, "ఉడుకుగా ఉంటాదిరా" అని ఊరుకునేవారట.

ఆయన ఆ ఉడుకులో ఉన్న రోజుల్లోనే ఇక్కడ ఆయన మొదటి భార్య, అంటే మా ఆయన్ని కన్నతల్లి, జ్వరం తగిలి పోయింది. కబురు అంది, సెలవు దొరికి, ఆయన ఇల్లు చేరేసరికి ఆవిడ దినం కూడా వెళ్ళిపోయింది. ఆవిడకి ఒక ఫోటో అయినా లేదు. మా ఆయన అప్పటికి కొత్తగా నడక వచ్చిన పిల్లాడు. తల్లి మొహం ఆయనకి ఇప్పటికీ గుర్తు లేదు.

కొన్నాళ్ళకి, సముద్రం మీద ఆ గెలుపు గెలిచినందుకు గుర్తుగా ఓడల్లో వాళ్ళకి పతకాలు ఇచ్చారు. గుండ్రటి బిళ్ళ, పైన రంగుచారల పట్టీ. ఒక పక్క సింహాలు, రెండో పక్క ఏదో బొమ్మ, అంచు చుట్టూ సన్న అక్షరాల్లో మామగారి నంబరూ పేరూ. ఆయన దాన్ని ఇంటికి తెచ్చిన రోజు పిల్లాడు ఏడుస్తున్నాడట. ఊరుకోబెట్టడానికి, పట్టీకి తాడు కట్టి వాడి మెడలో వేసి, "ఇదిగోరా, మీ అమ్మకి బదులు ఇచ్చేరు" అన్నారట. పెద్దవాళ్ళు అనేసి మరిచిపోయే మాట అది. పిల్లాడు మరవలేదు. బుద్ధి తెలిసిన దగ్గరనుంచీ మా ఆయన ఆ పతకాన్ని అమ్మ అనే అనుకున్నారు. ఎవరూ చూడనప్పుడు గోడన అది వేలాడే మేకు మీంచి తీసి మెడలో వేసుకుని, చొక్కా లోపలికి తోసుకుని, కాసేపు తిరిగి మళ్ళీ తగిలించేసేవారు.

మామగారు నేవీలోంచి వచ్చేశాక లంకలో ఆ పతకానికి ఒక మర్యాద ఏర్పడింది. కొత్త పడవ నీళ్ళలోకి దించేటప్పుడు పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, కొబ్బరికాయ కొడతారు. అది ఎక్కడైనా ఉన్నదే. వీళ్ళు దానికి ఇంకోటి కలిపారు. యుద్ధంలో మునగని మనిషి పతకం కదా అని, మామగారిని పిలిచి దాన్ని పడవ ముక్కుకి తాకించమనేవారు. ఆయన తెల్లచొక్కా తొడుక్కుని, పతకం పెట్టుకుని, రేవు దాకా నడిచి వెళ్ళేవారు. ఆయన పతకం తాకించందే ఏ పడవా దిగేది కాదు.

ఈ లోపల రెండో పెళ్ళి చేసుకున్నారు. ఆవిడే మా అత్తగారు. ఆవిడ చేతి వంట గురించి చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. వరద తీసి, దసరాల్లో తూరుపుగాలి తిరిగి చీరమేను, అదే ఆ సన్నటి చేపపిల్లలు, పడితే, ఆవిడ వండిన కూర వాసనకి అటు ఏరు దాటే పంటులో వాళ్ళు కూడా తలలు తిప్పేవారు. నోరు మాత్రం ఉప్పుచేప ముల్లు. గుచ్చుకుంటే ఊడి రాదు.

ఆవిడకి కొడుకు పుట్టాడు. మా మరిది. ఏడాది తిరక్కుండానే ఆ పసివాడికి మూర్ఛలు మొదలయ్యాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుని, కళ్ళు తేలేసి, నురగ కక్కేవాడట. రాజోలు ఆసుపత్రిలో చూపించారు, మందులు వాడారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి సోదెకత్తెను పిలిస్తే, "పెద్దది ఊరుకోలేదు. తన చోటు తనకి కావాలంటంది. మెళ్ళో కూర్చోబెట్టుకో" అంది. మీకు తెలిసే ఉంటుంది, మా వైపు రెండో పెళ్ళాం అయిన మనిషి, పోయిన మొదటిదాని బొమ్మ చెక్కిన బిళ్ళ చేయించుకుని మెడలో వేసుకుంటుంది. సవతి బిళ్ళ అంటారు. పూజ అయినా, పండగ అయినా ముందు ఆ బిళ్ళకి బొట్టు పెట్టి తరవాత తను పెట్టుకోవాలి. అలా ఉంటే పోయినావిడ శాంతిస్తుందని నమ్మకం.

సోదె చెప్పించిన కొద్ది రోజులకే పతకం పోయింది.

ఆ పొద్దుట రేవులో కొత్త పడవ సిద్ధంగా ఉంది. పసుపు రాశారు, మేళం వాళ్ళు వచ్చారు. మామగారు తెల్లచొక్కా తొడుక్కుని మేకు దగ్గరకు వెళితే మేకు ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికారు. పడవ తాలూకు మనుషులు వాకిట్లో నిలబడి ఉన్నారు. అప్పుడు అత్తగారు, పసివాణ్ణి చంకలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా అందట, "పెద్దోడు మెళ్ళో ఏసుకుని తిరుగుతుంటే నిన్న చూసేనండి" అని. అచ్చంగా అబద్ధమూ కాదు అది. ఆయన అలా తిరగడం ఆవిడ ఎన్నోసార్లు చూసింది. ముందు రోజు మాత్రం చూడలేదు.

మామగారు కొడుకుని వంటింట్లోకి లాక్కెళ్ళారు. అట్లకాడ పొయ్యిలో పెట్టారు. ఎక్కడ పెట్టావని అడిగారు. నేను తియ్యలేదు నాన్నా అన్నారు మా ఆయన. చెయ్యి పట్టుకుని వాత పెట్టారు. మళ్ళీ అట్లకాడ పొయ్యిలో పెట్టి మళ్ళీ అడిగారు. ఎర్రబడుతున్న అట్లకాడ వైపు చూస్తూ మా ఆయన, "తీసేను. కాలవలో పడిపోయింది" అన్నారు.

పడవకి వచ్చిన మనుషులే కాలవలోకి దిగి బురద దేవారు. మేళం వాళ్ళు గట్టు మీద కూర్చుని చూశారు. ఏదీ దొరకలేదు. ఏ కాలవరా, ఎక్కడరా అని అడిగితే పాపం ఒకసారి లాకుల దగ్గరన్నారు, ఒకసారి వంతెన కిందన్నారు. లేని పతకానికి చోటు ఎక్కడని చెబుతారు? అమ్మేసి బొంకుతున్నాడని తేల్చేశారు. ఆ పూట పడవ దిగలేదు. ఆ మర్నాడే మామగారు కొడుకుని రాజోలు అవతల, పిల్లాడి మేనమామ గారి ఊళ్ళో దింపేసి వెనక్కి చూడకుండా వచ్చేశారు. వాత మీద రాసిన వెన్న ఇంకా ఆరలేదు. ఆ వెన్న రాసింది ఎవరనుకున్నారు? మా అత్తగారే.

ఆ ఏడు ఆషాఢంలో అత్తగారు పుట్టింటికి వెళ్ళి వచ్చింది. వచ్చేటప్పుడు మెడలో, నల్లపూసల మధ్య, వెండి కట్టు కట్టిన గుండ్రటి సవతి బిళ్ళ ఉంది. ముక్కుపుడక పెట్టుకున్న ఒక ఆడమనిషి మొహం. పుట్టింటివాళ్ళు వెండి ఇస్తే చేయించానని చెప్పింది. పిల్లాడికి మూర్ఛలు ఆగిపోయాయి. మందుకి ఆగాయో, బిళ్ళకి ఆగాయో, పిల్లాడు పెరిగి ఆగాయో నాకు తెలియదు. ఆవిడకి మాత్రం బాగా తెలుసు. ఆ రోజు నుంచీ ఆవిడ ఆ బిళ్ళని స్నానానికి కూడా తియ్యలేదు.

మా ఆయన మేనమామ గారింట్లో పెరిగి కొబ్బరి ఒలుపులోకి దిగారు. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి ఒక్క మెలి తిప్పితే డొక్క ఊడి పడుతుంది. ఆ పనిలో ఆయనకి మంచి పేరుంది. అయినా కొత్త తోటకి పనికి వెళ్ళినప్పుడు లంక తాలూకు మనిషి ఒక్కడు కనబడితే చాలు, సాయంత్రానికి రైతు కాయలు రెండోసారి చూసుకునేవాడు. లంకలో వల చిరిగినా, పడవ ఇసకమేట ఎక్కినా, "దొంగోడు గాని ఇటేపొచ్చేడేంట్రా" అనుకోవడం అలవాటైపోయింది. వాళ్ళకి అదొక సరదా. మనిషి దూరంగా ఉన్నాడు కదా, ఎంతైనా అనొచ్చు.

మా పుట్టిల్లు పి.గన్నవరం దగ్గర. మా నాన్న సంబంధం చూసేటప్పుడే ఎవరో చెప్పారు, చిన్నప్పుడు తండ్రి పతకం దొంగిలించి ఇంట్లోంచి గెంటించుకున్న కుర్రాడని. మా నాన్న మనిషిని చూసి ఇచ్చాడు, మాట విని కాదు. పెళ్ళికి మామగారు రాలేదు. అత్తగారు వచ్చింది. పందిట్లో నా పక్కన చేరి, నా మెడలో అప్పుడే పడిన సూత్రాలు పట్టుకుని చూసి, చుట్టూ ఆడవాళ్ళందరికీ వినబడేలా అంది:

"పుస్తెలు పైటలో దాచుకో అమ్మాయ్. మీ ఆయనకి మెళ్ళో ఏలాడేయంటే మా సెడ్డ ఆశ."

అందరూ నవ్వారు. నవ్వుతూ ఆవిడ పైట సర్దుకుంటే ఆవిడ మెడలో బిళ్ళ కనబడింది. నాకు ఆ నవ్వులు కూడా గుర్తే, ఆ బిళ్ళ కూడా గుర్తే. ఇవాళ రెండూ కలిపి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

తరవాత ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఎవరి పెళ్ళికో చావుకో, ఆ ఇంటికి వెళ్ళక తప్పేది కాదు. మేము వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపలి గదిలోంచి చప్పుడు వినబడేది. బీరువా తలుపు వేసి తాళం తిప్పిన చప్పుడు. మొదట్లో అత్తగారు తిప్పేది. మా మరిదికి పెళ్ళయ్యాక నా తోటికోడలు తిప్పడం నేర్చుకుంది. ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. మంచినీళ్ళు ఇచ్చేవారు, అరుగు మీద ఆకు వేసి అన్నం పెట్టేవారు, మారు వడ్డించేవారు కూడా. మామగారు పడక్కుర్చీలో మొహం అటు తిప్పుకుని కూర్చునేవారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మచ్చ మీద కుడి అరచెయ్యి వేసి కప్పుకునేవారు.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను, ఆ ఇంటికి ఎందుకు వెళ్ళడం, మనకి అక్కడ గడ్డిపోచ కూడా అక్కర్లేదు కదా అని. అప్పుడు చెప్పారు. "నాకేం వద్దు. నువ్వు తియ్యలేదురా అని ఒక్కసారి నాన్న నోటితో అనాలి. అది వినిపించుకుంటానికే ఎల్తన్నాను" అన్నారు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆ ఒక్క మాట కోసమే నేను కూడా ఆ గుమ్మం ఎక్కాను.

కరోనా తగ్గుముఖం పట్టాక, ఆ యుద్ధం గెలిచి యాభై ఏళ్ళయిందని, అమలాపురంలో పాత సైనికులకి సన్మానం పెట్టుకున్నారు. మామగారిని పిలవడానికి ఇద్దరు వచ్చి, పతకం పెట్టుకుని రావాలండి, అందరూ పెట్టుకుంటారు అని చెప్పి వెళ్ళారట. దాని మర్నాడు మా వాకిట్లో ఆటో ఆగింది. మామగారు దిగారు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు. నేను గబగబా కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. అత్తగారు ఆటోలోనే ఉండిపోయింది, ఎండ కొడుతోందని పైట మెడచుట్టూ తిప్పుకుని.

మా ఆయన గునపం దగ్గరనుంచి లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని నిలబడ్డారు. ఎన్నేళ్ళ తరవాతో తండ్రి ఆయన మొహం చూసి మాట్లాడారు.

"ఇప్పుడేం కొట్టనురా. ముసలోణ్ణయిపోయేను. ఎవడికి అమ్మేవో చెప్పు, ఆడి కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకుంటాను" అన్నారు.

"నేను తియ్యలేదు నాన్నా."

"ఇంకా అదే మాటా? పోనీ, సచ్చేక చెప్తావేంటి నాకు?"

అని గుమ్మం పక్కన ఉమ్మేసి ఆటో ఎక్కారు. నేను పోసి తెచ్చిన మజ్జిగ గ్లాసు నా చేతిలోనే ఉంది. ఆటో తిరుగుతుంటే అత్తగారు నా వైపు చూసింది. ఆ చూపులో ఏదో ఉందని ఇప్పుడు అనుకుంటే సరిపోతుందా, ఆ రోజు నాకేమీ కనపడలేదు.

సన్మానానికి ఆయన బోసి చొక్కాతో వెళ్ళారు. శాలువా కప్పారు. పేపర్లో ఫోటో పడింది. మిగతా ముసలివాళ్ళందరి గుండెల మీదా బిళ్ళలు మెరుస్తున్నాయి, చివరన నిలబడ్డ మామగారు శాలువాని రెండు చేతులతో గొంతు దాకా లాక్కుని ఉన్నారు. ఆ ఫోటో కట్టు కట్టించి ఇచ్చారట ఎవరో. ఆయన దాన్ని గోడవైపు తిప్పి పెట్టుకున్నారు.

పోయినేడు అత్తగారు మంచాన పడింది. కాలేయం పాడైందన్నారు. చూడ్డానికి వెళితే, మిగతావాళ్ళని బయటకు పంపి నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతులు ఎండిన వెదురుపుల్లల్లా ఉన్నాయి.

"నేను పోయేక నా మెళ్ళో బిళ్ళ నువ్వే తియ్యాలి. ఇంకొకళ్ళ సెయ్యి పడనీకు" అంది.

"అలాగేనండి అత్తయ్యగారూ" అన్నాను.

"మీ ఆయనకియ్యి. ఆడిదే."

మాలో పద్ధతి అదే కదా అనుకున్నాను. సవతి బిళ్ళ వేసుకున్న మనిషి పోతే, దాన్ని శవం మీద ఉంచరు. పోయినావిడని రెండోసారి కాల్చినట్టవుతుందని. తీసి, ఆ మొదటావిడ కడుపున పుట్టిన బిడ్డ చేతికిస్తే, వాళ్ళు గోదాట్లో వదలాలి. ఆవిడ చెప్పింది ఆ పద్ధతి గురించే అనుకున్నాను. ఆయ్ అని ఊరుకున్నాను.

ఆవిడ మొగుడు బతికి ఉండగా పోయింది. పుణ్యస్త్రీ. ఊళ్ళో ఆడవాళ్ళు ఆవిడ కాళ్ళకి పసుపు రాసి దణ్ణం పెట్టుకోవడానికి వరస కట్టారు. పెరట్లో కొబ్బరాకు తడికలు అడ్డం పెట్టి స్నానం చేయించాం. పెద్దకోడల్ని గనక మొదటి చెంబు నాది. నల్లపూసలు పైకెత్తి బిళ్ళని పట్టుకుని తాడు తెంపాను. ఒంటి వేడికీ చెమటకీ అరిగి ఉన్న వెండి కట్టు, పసుపునీళ్ళకి జారి, ఉంగరంలా ఊడి నా అరచేతిలో పడింది.

కట్టు ఊడిన అంచు చుట్టూ అక్షరాలున్నాయి. బస్సు బోర్డు కూడబలుక్కునే పాటి ఇంగ్లీషు నాది. అంకెలు మాత్రం బాగా తెలుసు. అంకెలు, వాటి పక్కన పేరు. మామగారి పతకానికి ఉండేవని విన్నట్టే, అంచు చుట్టూ. బిళ్ళకి ఒక వైపు ఆడమనిషి మొహం. రెండో వైపు ఆకురాయితో అరగదీసిన బోసి. అంచు ఒక్కటే కంసాలి గీకకుండా, కట్టు వేసి కప్పేశాడు.

నా పక్కన మామగారి అక్కగారు పసుపు కలుపుతోంది. పెద్ద ముసలామె. నా చేతిలోకి తొంగి చూసి, ఉన్న చోటే చతికిలబడింది. "సోదెకత్తి ఆ మాట అంది" అని గొణిగింది. ఏ మాట అన్నాను. మొదటావిడ ప్రాణం పోయిన్నాడు మొగుడు ఏ పని మీదున్నాడో ఆ పని తాలూకు లోహంతోనే బిళ్ళ చెయ్యాలి, అది మెడలోంచి దిగితే నీ కొడుకు బతకడు అందట. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురే విన్నారట. మరి అప్పుడెందుకు చెప్పలేదు పిన్నిగారూ అని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుంది? వాత అప్పటికే పడిపోయింది.

నేను తడిచీరతోనే తడిక దాటి వాకిట్లోకి వచ్చాను. మామగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. మరిది కుండ పట్టుకోవడానికి తడిబట్టలతో సిద్ధంగా ఉన్నాడు. మా ఆయన దూరంగా, పాడె కట్టేవాళ్ళకి కొబ్బరితాడు అందిస్తున్నారు. నేను బిళ్ళ తీసుకెళ్ళి మామగారి చేతిలో పెట్టాను. ఆయనకి చూపు మందగించింది. బొటనవేలు అంచు మీద ఒకసారి చుట్టూ తిరిగింది. తిరుగుతుండగానే ఆయన నోటివెంట తన నంబరు వచ్చేసింది. ఓడ మీద హాజరు పిలిచినప్పుడు పలికినట్టు, గట్టిగా, అంకె తరవాత అంకె. మరిది వంగి చూశాడు. అవే అంకెలు. వాడు తలెత్తి తడికల వైపు, తల్లి ఉన్న వైపు చూశాడు. ఆ తరవాత వాడు ఎవరి మొహమూ చూడలేదు. ఆ బిళ్ళ వల్లే తను బతికానని చిన్నప్పటి నుంచీ విని పెరిగినవాడు కదా.

మాట ఎలా పాకుతుందో పాకింది. మేనమామ గారి ఊరి నుంచి వచ్చినవాళ్ళు, లంకలో వాళ్ళు, పాడె కట్టేవాళ్ళు, అందరూ తండ్రీ కొడుకుల వైపే చూస్తున్నారు. మా ఆయన తాడు కింద పెట్టి దగ్గరకు వచ్చి నిలబడ్డారు. పిలవకుండానే వచ్చారు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకోలేదు. ఎన్నాళ్ళ నుంచో వినాలనుకుంటున్న మాట కోసం, బడిలో మాస్టారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

మామగారు చాలాసేపు బిళ్ళని తడుముతూ కూర్చున్నారు. తరవాత గుప్పిట మూశారు. తల ఎత్తకుండా అన్నారు:

"మరి ఆవేళ తీసేనని నువ్వే కదరా ఒప్పుకున్నావు."

మా ఆయన తన ఎడమ చెయ్యి చూసుకున్నారు. తప్పు చేసినవాడు సంజాయిషీ చెప్పుకున్నట్టు, మెల్లిగా, "కాలింది నాన్నా. అందుకని" అన్నారు.

అంతే. మామగారి అక్కగారు తడిక పక్కనుంచి, పద్ధతి ప్రకారం బిళ్ళ పెద్దోడికి ఇచ్చేయరా తమ్ముడూ, వాళ్ళమ్మ బొమ్మ, వాడు గోదాట్లో వదులుకుంటాడు అంది. మామగారు గుప్పిట విప్పలేదు. ఇది గవర్నమెంటు నాకిచ్చింది అన్నారు. మా ఆయన చెయ్యి చాచలేదు. తిరిగి వెళ్ళి తాడు అందుకున్నారు. పాడె ఎత్తేటప్పుడు ఒక మూల భుజం కూడా పట్టారు.

పెద్ద దినం నాడు భోజనాలకి వెళ్ళాం. మామగారు తెల్లచొక్కా తొడుక్కుని పందిట్లో కూర్చున్నారు. గుండె మీద పిన్నీసుతో పతకం పెట్టుకున్నారు. పట్టీ లేదు, సింహాలు లేవు. ఆడమనిషి మొహాన్ని చొక్కా వైపుకి తిప్పేసి, అరగదీసిన బోసి వైపు జనానికి కనబడేలా పెట్టుకున్నారు. లంకలో వాళ్ళు వచ్చి దణ్ణాలు పెట్టి, కొత్త పడవకి మళ్ళీ మీరే రావాలండి అంటున్నారు. ఆయన తల ఊపుతున్నారు. వాళ్ళే మా ఆయన భుజం తట్టి, మేమెప్పుడూ అనుకోలేదండి బావగారూ, మీరు అలాంటోరు కారని మాకు తెలుసండి అన్నారు. వాళ్ళలో కాలవలో బురద దేవినవాళ్ళూ ఉన్నారు. మా ఆయన నవ్వి, ఆయ్ అన్నారు.

ఆయన చూపు మాత్రం ఆ బోసి బిళ్ళ మీదే ఉంది. ఫోటో లేని తల్లి మొహం, అన్నేళ్ళూ అత్తగారి పైట చాటునే ఉండిపోయిన మొహం, కంసాలి ఊహించి చెక్కిందే అయినా, ఒక్కసారి చూద్దామని. అడగలేదు. నేను స్నానం చేయించేటప్పుడు చూశాను గనక, బస్సులో కూర్చున్నాక చెప్పాను. గుండ్రటి మొహమండి, ముక్కుపుడక ఉంది, పెదాలు కాస్త విచ్చుకుని ఉన్నాయి అని. "అవునా" అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ చెప్పమన్నారు.

ఒకటి చెప్పడం మరిచాను. ఆ దినం నాడు మేము వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపలి గదిలోంచి చప్పుడు వినబడింది. బీరువా తలుపు, తరవాత తాళం. నా తోటికోడలు ఆ వెంటనే నాలిక కరుచుకుని బయటకు వచ్చింది. "అయ్యో, అలవాటండీ అక్కా" అంది. నిజమే చెప్పింది. అలవాటే.

వెళ్తున్నారా? ఈ రెండు కొబ్బరికాయలు పట్టుకెళ్ళండి, మా ఆయనే ఒలిచారు. మీ ఇంట పాలు పొంగాలి. మీ పొయ్యిలో అట్లకాడ అట్టు తిరగెయ్యడానికే వేడెక్కాలి. మీ బిడ్డ కాలి చప్పుడు విని మీ తలుపులు తెరుచుకోవాలే గానీ ఏ తాళమూ తిరగకూడదు. చల్లగా ఉండండి, మీరూ, మీ ఇంటివాళ్ళూ.